టైఫాయిడ్‌ను పట్టిచ్చిన తొడుగు

1930ల మొదట్లో లండన్‌లోని లిస్టర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఆర్థర్ ఫీలిక్స్, మార్గరెట్ పిట్ అనే ఇద్దరు పరిశోధకులకు ఒక చిక్కు వచ్చిపడింది. టైఫాయిడ్ క్రిముల మీద వాటికి విరుగుడైన సీరం చుక్క వేస్తే అవి ఒకదానికొకటి అతుక్కుని ముద్దకట్టాలి. ల్యాబులో ఏళ్ల తరబడి సీసా మార్చి సీసాలో పెంచుతూ వచ్చిన పాత క్రిములు అలాగే ముద్దకట్టేవి. రోగి ఒంట్లోంచి అప్పుడే తీసిన క్రిములు మాత్రం చాలాసార్లు ఆ సీరానికి లొంగేవి కావు. వాటినే మరిగే వేడిలో ఉంచి తీస్తే, పాతవాటిలాగే మామూలుగా ముద్దకట్టేవి.

అంటే సీరంలో లోపం లేదు. క్రిమి ఒంటికీ సీరానికీ మధ్య ఏదో అడ్డుపడుతోంది, వేడికి అది ఊడిపోతోంది. ఇద్దరూ ఇంకో సంగతి కూడా గమనించారు. సీరానికి లొంగని రకాలే ఎలుకలను ఎక్కువగా చంపుతున్నాయి. 1934లో లాన్సెట్ పత్రికలో ఈ సంగతి ప్రకటించారు. రోగతీవ్రతకు కారణమని నమ్మారు కాబట్టి ఆ అడ్డుతెరకు ‘వీఐ’ అని పేరు పెట్టారు. ఇంగ్లీషులో తీవ్రతను సూచించే మాటలోని మొదటి రెండు అక్షరాలే అవి.

ఆ వీఐ నిజానికి ఒక చక్కెర తొడుగు. ఒకే రకం చక్కెర ఆమ్లపు అణువులు పొడవాటి గొలుసులుగా అల్లుకుని క్రిమి చుట్టూ పలచగా కప్పుకుంటాయి. ఒక్కో అణువుకు ఎసిటైల్ అనే చిన్న గుంపు వేలాడుతూ ఉంటుంది. ఈ ఎసిటైల్‌ను గుర్తుపెట్టుకోవాలి, ఈ కథలో దానికి పెద్ద పాత్రే ఉంది. న్యుమోనియా, మెదడు పొరల వాపు తెచ్చే అనేక బ్యాక్టీరియాలకూ ఇలాంటి తొడుగులున్నాయి. శాస్త్రజ్ఞులు వాటిని క్యాప్సూల్ అంటారు. మన ఒంట్లోకి బ్యాక్టీరియా చొరబడితే రక్తంలోని కాంప్లిమెంట్ ప్రొటీన్లు దానికి అంటుకుంటాయి, తెల్లకణాలు ఆ గుర్తు చూసి మింగేస్తాయి. తొడుగు ఉంటే ఆ ప్రొటీన్లు సరిగ్గా అంటుకోలేవు. టైఫాయిడ్ క్రిమి తొడుగు ఇంకో పని కూడా చేస్తుంది. శత్రువు వచ్చిందని శరీరం కనిపెట్టే సంకేతాలనే మరుగుపరుస్తుంది. మామూలు సాల్మొనెల్లా తిండితో లోపలికి వెళ్తే గంటల్లో విరేచనాలు పట్టుకుని పేగులు అల్లకల్లోలమవుతాయి. టైఫాయిడ్ అలా కాదు, వారం రెండు వారాలు ఉలుకూపలుకూ లేకుండా పాకుతుంది, ఆ తర్వాత సన్నగా జ్వరం మొదలవుతుంది. ఈ తేడాకు తొడుగు ఒక ముఖ్య కారణం.

ఫీలిక్స్ నాటికి టైఫాయిడ్ విషయంలో వేధిస్తున్న అసలు సమస్య రోగులు కాదు, రోగం లేనివాళ్లు. జ్వరం తగ్గినవాళ్లలో నూటికి ఇద్దరు ముగ్గురి పిత్తాశయంలో క్రిమి స్థిరపడిపోతుంది. వాళ్లు ఆరోగ్యంగా తిరుగుతుంటారు, మలంలో మాత్రం ఏళ్ల తరబడి క్రిములు పోతుంటాయి. వాళ్లనే క్యారియర్లు అంటారు. న్యూయార్క్‌లో వంటమనిషిగా పనిచేసిన మేరీ మాలన్ కథ అందరికీ తెలిసిందే. 1907లో జార్జ్ సోపర్ ఆమెను పట్టుకున్నప్పుడు అతని చేతిలో ఉన్నదల్లా ఆమె పనిచేసిన ఇళ్ల జాబితా, ఆ ఇళ్లలో జ్వరపడ్డవాళ్ల వివరాలు. ఆమె మలంలో టైఫాయిడ్ క్రిమి దొరికింది, నిజమే. కానీ ఆ ఇళ్లలో రోగం తెచ్చింది సరిగ్గా ఆ క్రిమేనని చూపించే మార్గం అప్పట్లో ఎవరికీ లేదు. సూక్ష్మదర్శినిలో టైఫాయిడ్ క్రిములన్నీ ఒక్కలాగే కనిపిస్తాయి. మేరీ తనకు ఏ రోగమూ లేదని చివరిదాకా వాదించింది. ఏళ్లకేళ్లు దీవిలో నిర్బంధంలో గడిపి 1938లో చనిపోయింది.

ఆ మార్గం దొరికింది కూడా 1938లోనే, కెనడాలో.

టొరంటోలో పనిచేస్తున్న జేమ్స్ క్రేగీ స్కాట్లాండ్‌లో పుట్టి పెరిగిన బ్యాక్టీరియా శాస్త్రజ్ఞుడు. బ్యాక్టీరియాలను తినే వైరస్‌లు, అంటే ఫేజ్‌లు, అప్పటికి ఇరవై ఏళ్ల నుంచీ తెలుసు. ఫెలిక్స్ డెరెల్ వాటితో విరేచనాలకూ కలరాకూ వైద్యం చేయాలని 1920ల్లో పంజాబ్ దాకా వచ్చాడు. క్రేగీ వెతికింది వేరే రకం. 1936లో ఆయనకు, మరో దిక్కున పారిస్‌లో సెర్టిక్, బుల్గాకోవ్‌లకు వేర్వేరుగా ఒక వింత ఫేజ్ దొరికింది. వీఐ తొడుగు ఉన్న టైఫాయిడ్ క్రిమినే అది చంపుతుంది. తొడుగు లేని క్రిమిని ముట్టదు.

మన తెల్లకణాలకు అడ్డంగా నిలిచిన ఆ పొరే ఫేజ్‌కు పట్టు. ఫేజ్ తోక చివరన ముళ్లలాంటి ప్రొటీన్లు ఉంటాయి. అవి తొడుగును గుర్తుపట్టి అంటుకుంటాయి. ఆ ప్రొటీన్లలో ఎసిటైల్ గుంపును కోసే ఎంజైమ్ ఉందని చాలా కాలం తర్వాత, 2010లో, ఇంగ్లండ్‌లోని సాంగర్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు తేల్చారు. ఒకదానికొకటి పోలికే లేని వేర్వేరు కుటుంబాల వీఐ ఫేజ్‌లన్నింటిలోనూ అదే ఎంజైమ్ భాగం కనిపించింది. క్రిమి తప్పించుకోవడానికి తేలికైన దారి తొడుగు వదిలేయడం. వదిలేస్తే ఫేజ్ నుంచి బతుకుతుంది గానీ మనిషి రక్తంలో బతకడం కష్టమవుతుంది. క్యాప్సూల్ ఉన్న బ్యాక్టీరియాకు ఇది తీరని ఇరకాటం. టైఫాయిడ్‌తో మనుషులు చేసిన పోరాటంలో చాలా భాగం ఈ ఇరకాటాన్ని వాడుకుంటూ సాగింది.

క్రేగీ, ఆయనతో పనిచేసిన చైనా శాస్త్రజ్ఞుడు చున్ హుయ్ యెన్ ఇద్దరూ వీఐ ఫేజ్‌లలో రెండో నంబరు దాని మీద దృష్టి పెట్టారు. దానికొక విచిత్రమైన గుణం ఉంది. ఒక రోగి నుంచి తీసిన క్రిమి మీద దాన్ని పెంచితే, ఆ క్రిమికీ, దాని వంశానికీ అలవాటుపడిపోతుంది. ఆ తర్వాత ఆ వంశాన్ని ఇట్టే కరిగించేస్తుంది, వేరే వంశాల మీద దాదాపు పనిచేయదు. అలా ఒక్కో వంశానికి ఒక్కో ఫేజ్‌ను తయారుచేసుకుంటూ పోయారు. ఏ, బీ1, సీ, డీ1, ఈ1 అంటూ వాటికి పేర్లు పెట్టారు. దశాబ్దాలు గడిచేసరికి ఆ జాబితా సుమారు వందకు చేరింది.

ఆ పరీక్ష చేసే తీరు చూడటానికి తేలిక, చేయడానికి ఎంతో నిదానం కావాలి. రోగి నుంచి తీసిన క్రిమిని ద్రవంలో కొన్ని గంటలు పెంచుతారు. దాన్ని అగార్ అనే జెల్లీ పోసిన ప్లేటు మీద పరిచి ఆరబెడతారు. ప్లేటు అడుగున ముందే గళ్లు గీసి ఉంటాయి. ఒక్కో గడిలో ఒక్కో ఫేజ్ చుక్క సన్నని తీగ కొనతో పెడతారు. రాత్రంతా వెచ్చగా ఉంచి పొద్దున్నే నల్లటి వెనుకతెర మీద పెట్టి భూతద్దంతో చూస్తారు. క్రిమి పెరిగినచోట బూడిదరంగు మసక, ఫేజ్ తిన్నచోట అద్దంలా తేరిన మచ్చ. కిటుకంతా ఫేజ్ పలచదనంలో ఉంది. చిక్కటి ఫేజ్ పెడితే తొడుగు ఉన్న వేరే వంశాల క్రిములు కూడా కరిగిపోతాయి, ఏదీ తేలదు. మరీ పలచగా పెడితే తన వంశాన్ని కూడా తినదు. ఒక్కో ఫేజ్‌కూ దాని సొంత వంశాన్ని పూర్తిగా కరిగించడానికి రవ్వంత తక్కువయ్యే పలచదనాన్ని కొలిచి కట్టుకోవాలి, తరచూ సరిచూసుకోవాలి. ఆ పని మీద ఏళ్లు గడిపిన టెక్నీషియన్ల పేర్లు చాలావరకు పుస్తకాల్లోకి ఎక్కలేదు. ఈ వృత్తి నిలబడింది మాత్రం వాళ్ల చేతుల మీదే.

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక 1947లో దీనికో అంతర్జాతీయ కమిటీ ఏర్పడింది. లండన్ శివారు కోలిండేల్‌లో ఫీలిక్స్ నడిపిన ప్రయోగశాల దానికి కేంద్రమైంది. ఫేజ్‌లూ వాటి సొంత క్రిములూ అక్కడి నుంచి దేశదేశాల ల్యాబులకు వెళ్లేవి. మాంట్రియల్‌లో ఈ1 అన్న క్రిమి బొంబాయిలోనూ ఈ1 కావాలి, లేకపోతే ఈ పద్ధతికి అర్థం లేదు. ఫీలిక్స్, ఆయన శిష్యుడు ఇ.ఎస్. ఆండర్సన్ ఆ క్రమంలోనే రెండో నంబరు ఫేజ్ ఎందుకు అలవాటుపడుతుందో తవ్వారు. కొన్ని మార్పులు ఫేజ్ జన్యువుల్లో రావడం లేదని, అవి ఫేజ్ పెరిగిన క్రిమి దాని మీద వేస్తున్న తాత్కాలిక ముద్రలని 1952లో చూపించారు. ఇలాంటి పరిశీలనలను వెంబడించినవాళ్లే తర్వాత డీఎన్ఏను కోసే రెస్ట్రిక్షన్ ఎంజైమ్‌లను కనుగొన్నారు. ఈనాటి జన్యు ఇంజనీరింగ్ వేళ్లలో ఒకటి టైఫాయిడ్ ప్లేటులో ఉందంటే నమ్మడం కష్టంగా ఉంటుంది గానీ అది నిజం.

ఈ పద్ధతి సత్తా లోకానికంతా కనిపించింది 1964లో, స్కాట్లాండ్‌లోని అబర్డీన్‌లో.

మే నెలలో ఆ ఊళ్లో ఉన్నట్టుండి టైఫాయిడ్ కేసులు మొదలయ్యాయి. చూస్తుండగానే 500 దాటాయి. ఆసుపత్రులు నిండిపోయాయి, బళ్లు మూసేశారు, ఊరు విడిచి వెళ్లొద్దని, ఊళ్లోకి రావొద్దని జనానికి చెప్పారు. రోగులను అడిగితే చాలామంది ఒకే దుకాణంలో ముక్కలుగా కోసి అమ్మే చల్లని మాంసం కొన్నామన్నారు. అనుమానం డబ్బాలో వచ్చిన కార్న్‌డ్ బీఫ్ మీదకు మళ్లింది. అయితే ఆ డబ్బా ఎప్పుడో ఖాళీ అయి చెత్తలో కలిసిపోయింది. పరీక్షించడానికి మాంసం ముక్క కూడా మిగల్లేదు.

రోగుల క్రిములు కోలిండేల్‌కు వెళ్లాయి. అన్నింటికీ ఒకే జవాబు వచ్చింది, 34వ రకం. బ్రిటన్‌లో దాదాపు కనిపించని రకం అది; దక్షిణ అమెరికాలో, స్పెయిన్‌లో తిరిగే రకం. ఊళ్లోని క్యారియర్ ఎవరో అంటించారన్న అనుమానం అక్కడితో తీరింది. అర్జెంటీనాలో డబ్బాలను ఉడికించాక చల్లార్చడానికి శుద్ధి చేయని నది నీటిని వాడారు. ఆ నదిలో ఊరి మురుగు కలుస్తుంది. అతుకులో కంటికి కనిపించని సందు ఉన్న ఒక డబ్బా చల్లారుతూ ఆ నీటిని లోపలికి పీల్చుకుంది. అబర్డీన్ దుకాణంలో ఆ మాంసాన్ని కోసిన మిషన్ మీద తర్వాత మిగతా మాంసాలనూ కోశారు. ఒక్క డబ్బాతో 500 మంది పడకెక్కడం అలా జరిగింది. అట్లాంటిక్ దాటి వచ్చిన ఒక క్రిమి పుట్టినిల్లు దాని తొడుగుకు అంటుకునే వైరస్ చుక్కతో తెలియడం వైద్య చరిత్రలో గొప్ప ఘట్టమే.

మన దేశంలో ఈ పని ఢిల్లీలోని లేడీ హార్డింగ్ మెడికల్ కాలేజీలో ఉన్న జాతీయ ఫేజ్ టైపింగ్ కేంద్రం చేసింది. దేశం నలుమూలల నుంచీ ఆసుపత్రులు క్రిములను అక్కడికి పంపేవి. అబర్డీన్‌లో మెరిసిన పద్ధతి ఇక్కడ అంతగా మెరవలేదని ఒప్పుకోవాలి. బ్రిటన్‌లో టైఫాయిడ్ అరుదు, కాబట్టి కొత్త రకం కనిపిస్తే దాని ఆచూకీ దొరుకుతుంది. మన దగ్గర ఈ1, ఓ, ఏ రకాలే ఊరూరా ఉన్నాయి. ఒకే రకం ప్రతి వీధిలో ఉన్నప్పుడు, ఏ కుళాయి నుంచి వచ్చిందో ఫేజ్ ఏం చెబుతుంది? మంచినీటి గొట్టం పక్కనే మురుగు కాలువ నడిచే దేశానికి కావలసింది నేరపరిశోధన కాదు, గొట్టాల మరమ్మతు.

తొడుగును నేరుగా మందుకు వాడుకోవాలని కూడా ప్రయత్నాలు జరిగాయి. తొడుగు చెడకుండా ఆల్కహాల్‌తో చంపిన క్రిములతో టీకా చేస్తే మేలని ఫీలిక్స్ గట్టిగా నమ్మాడు. 1950ల్లో యుగోస్లావియాలో జరిపిన పరీక్షలో ఆ టీకా పాత ఫినాల్ టీకా కన్నా వెనకబడింది. ఫీలిక్స్ 1956లో కన్నుమూశాడు. లాస్ ఏంజెలిస్‌లో మరో బృందం రోగి క్రిమి ఏ రకమో ముందు పరీక్షించి, దానికి తగిన వీఐ ఫేజ్‌ను రక్తనాళంలోకి ఎక్కించింది. 1946లో వచ్చిన వాళ్ల ఫలితాలు ఆశాజనకంగానే ఉన్నాయి. కెనడాలోని క్విబెక్‌లోనూ అలాగే చేశారు. కానీ 1948లో కౌలాలంపూర్‌లో స్క్రబ్ టైఫస్ జ్వరానికి క్లోరాంఫెనికాల్ అనే యాంటీబయాటిక్ ఇచ్చి చూస్తున్న అమెరికా డాక్టర్ల చేతిలోకి పొరపాటున టైఫాయిడ్ రోగి వచ్చాడు. అతనికీ జ్వరం తగ్గింది. ఆ మాత్ర ముందు ఫేజ్ వైద్యం నిలవలేదు. పాతికేళ్లు తిరక్కుండానే 1972లో కేరళలోని కాలికట్‌లో క్లోరాంఫెనికాల్‌కు లొంగని టైఫాయిడ్ విజృంభించింది.

ఫేజ్ వైద్యం మీద మళ్లీ నమ్మకం పుట్టించిన ప్రయోగం వేరే తొడుగు మీద జరిగింది. ఇంగ్లండ్‌లోని హౌటన్‌లో కోళ్ల రోగాల పరిశోధన కేంద్రం ఉండేది. అక్కడ హెచ్. విలియమ్స్ స్మిత్, హగిన్స్ 1982లో ఈ.కోలై మీద పనిచేశారు. పసిపిల్లలకు మెదడు పొరల వాపు తెచ్చే ఈ.కోలైకి కే1 అనే క్యాప్సూల్ ఉంటుంది. ఆ క్యాప్సూల్‌కే అంటుకునే ఫేజ్‌ను వాళ్లు కావాలని ఏరుకున్నారు. క్రిమి ఎక్కించిన ఎలుకలకు ఒక్క డోసు ఫేజ్ ఇస్తే, పలు డోసుల యాంటీబయాటిక్ కన్నా బాగా పనిచేసింది. ఫేజ్‌ను తప్పించుకున్న క్రిములు కొద్దిగా మిగిలాయి, కానీ వాటికి కే1 తొడుగు లేదు. ఎలుకలను చంపే శక్తి కూడా లేదు. ఈరోజు ఆసుపత్రుల ఐసీయూల్లో మొండికేసిన క్లెబ్సియెల్లా, అసినెటోబ్యాక్టర్ మీద ఫేజ్‌లను ఎంచుకునేవాళ్లు చాలామంది అదే లెక్క వేస్తున్నారు. ఏ ఫేజ్ నుంచి తప్పించుకుంటే క్రిమి బలహీనపడుతుందో ఆ ఫేజ్‌నే ముందు వెతుకుతున్నారు.

ఇక టీకా కథ ఎసిటైల్ దగ్గరికి వస్తుంది. 1950ల్లో అమెరికాలో వీఐ చక్కెరను విడదీసి శుద్ధి చేశారు. దాన్ని తీసుకున్న వాలంటీర్లకు తర్వాత టైఫాయిడ్ క్రిమిని తాగిస్తే రక్షణ రాలేదు. వీఐ పనికిరాదన్న మాట గట్టిపడింది. తప్పు వీఐలో లేదు, శుద్ధి చేసిన తీరులో ఉంది. వాడిన రసాయనాలు మోటుగా ఉండి ఎసిటైల్ గుంపులను ఊడగొట్టేశాయి. ఫేజ్ ఏ గుంపును పట్టుకుని కోస్తుందో, మన రోగనిరోధక వ్యవస్థ కూడా తొడుగును గుర్తుపట్టడానికి ఆ గుంపు మీదే ఆధారపడుతుంది. 1970ల్లో సున్నితమైన పద్ధతి వచ్చాక, అమెరికాలో జాన్ రాబిన్స్, రేచెల్ ష్నీర్సన్ బృందం ఆ చక్కెరతో టీకా చేసింది. నేపాల్‌లోని ఖాట్మండు లోయ పల్లెల్లోనూ, దక్షిణాఫ్రికాలోనూ జరిగిన పరీక్షల ఫలితాలు 1987లో వచ్చాయి. టీకా పనిచేసింది. అయితే రెండేళ్లలోపు పిల్లలకు ఒట్టి చక్కెర పనిచేయదు, పెద్దల్లోనూ రక్షణ కొన్నేళ్లే. ష్నీర్సన్, షౌసున్ సూ తదితరులు చక్కెరను ప్రొటీన్‌కు జోడించారు. వియత్నాంలోని డోంగ్ థాప్‌లో 11 వేలమంది చిన్నపిల్లల మీద జరిపిన పరీక్షలో ఆ జోడింపు టీకా 91.5 శాతం రక్షణ ఇచ్చినట్టు 2001లో తేలింది.

ఆ సూత్రాన్ని ప్రపంచానికి అందుబాటు ధరలో అందించిన పని మన హైదరాబాద్‌లో జరిగింది. భారత్ బయోటెక్ వీఐ చక్కెరను ధనుర్వాతపు టాక్సాయిడ్‌కు జోడించి టైప్‌బార్ టీసీవీ తయారుచేసింది. ఆరు నెలల పసిబిడ్డకూ ఇవ్వొచ్చు, ఒక డోసులో ఉండేది 25 మైక్రోగ్రాముల వీఐ. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017 డిసెంబరులో ఆమోదించిన మొట్టమొదటి టైఫాయిడ్ జోడింపు టీకా అదే. తర్వాత హైదరాబాద్‌కే చెందిన బయోలాజికల్ ఇ టీకాకూ ఆమోదం వచ్చింది. సరిగ్గా ఆ కాలంలోనే, 2016 చివర్లో, పాకిస్తాన్‌లో సింధ్ రాష్ట్రపు హైదరాబాద్‌లో భయంకరమైన టైఫాయిడ్ పుట్టింది. ఐదు రకాల మందులకు లొంగదు, నోటితో వేసుకునేవాటిలో అజిత్రోమైసిన్ ఒక్కటే మిగిలింది. 2018లో ఆ ఊరి పిల్లలకు లక్షల్లో వేసిన టీకా మన హైదరాబాద్‌లో తయారైనదే. 2019లో ఈ టీకాను పిల్లల సాధారణ టీకాల్లో చేర్చిన మొదటి దేశం పాకిస్తాన్. కేంద్రాలు, కంపెనీలు, అవార్డుల గురించి మనం గొప్పగా చెప్పుకునే మాటలెన్నో ఉన్నాయి. వాటన్నింటికన్నా ఈ ఒక్క సంగతి ఎక్కువ గర్వపడదగ్గది.

ఫేజ్ టైపింగ్ వృత్తి మాత్రం ముగిసినట్టే. 2010ల మధ్య నుంచి కోలిండేల్‌లో క్రిమి జన్యువులన్నింటినీ చదివేస్తున్నారు, గళ్ల ప్లేట్ల అవసరం తీరిపోయింది. కానీ తొడుగు మీద కన్ను వేయాల్సిన అవసరం ఇప్పుడే పెరిగింది. టీకా మన శరీరానికి నేర్పేది వీఐని గుర్తుపట్టడం ఒక్కటే. వీఐ లేని టైఫాయిడ్ క్రిములు అరుదుగానైనా ఉన్నాయి. పాకిస్తాన్‌లోని ఫైసలాబాద్ రోగుల రక్తంలోనే అవి దొరికినట్టు 2005లో నమోదైంది. అవి బలహీనమైనవే కావచ్చు. కోట్లమందికి టీకా వేశాక అవి పెరుగుతాయా లేదా అన్నది చూస్తూ ఉండాల్సిందే. చూడాలంటే చేతిలో క్రిమి ఉండాలి. మన ఊళ్లలో జ్వరం రాగానే విడాల్ అనే రక్తపరీక్ష చేయించి, పాజిటివ్ అనగానే యాంటీబయాటిక్ మొదలుపెట్టే అలవాటులో క్రిమి ఎవరి చేతికీ చిక్కదు. కాబట్టి డాక్టర్లకో విన్నపం: టైఫాయిడ్ అనుమానం ఉంటే మందు మొదలుపెట్టకముందే రక్తం కల్చర్‌కు పంపండి. రోగులు కూడా ఆ మూడు నాలుగు రోజుల ఆలస్యానికీ, ఖర్చుకూ విసుక్కోకుండా కల్చర్ చేయమని అడగండి. కల్చర్‌లో క్రిమి పెరిగితే దానికి వీఐ ఉందో లేదో చెప్పడానికి ల్యాబుకు ఒక సీరం చుక్క, ఒక గాజుపలక, కొన్ని నిమిషాలు చాలు.